రొయ్యల రైతు ఇంట్లో రీఫ్ ట్యాంకు: నెల్లూరు ఎండనూ కరెంటునూ లెక్కేసి కట్టిన ఒక కేస్ స్టడీ

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక ఇంటి హాల్లో నాలుగడుగుల రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పు నీళ్లలో పగడాలూ చేపలూ పెంచే గాజు తొట్టి, పెట్టిన పని ఇది. ఇంటాయన విడవలూరు వైపు వనామీ రొయ్యల చెరువులు చేసే రైతు. నేను పగలు ఆక్వా ల్యాబులో నీళ్ల పరీక్షలు చేస్తాను, సాయంత్రాలూ ఆదివారాలూ మెరైన్ ట్యాంకులు కట్టిస్తుంటాను. ఆయన చెరువుల శాంపిళ్లు మా ల్యాబుకే వస్తాయి, పరిచయం అలా. ట్యాంకు కావాలని పట్టుబట్టింది ఆయన కూతురు. నారింజ రంగు మీద తెల్ల చారల క్లౌన్ చేపలు ఉండాలి, వెనక పగడాలు ఊగాలి. ఆయన పెట్టిన షరతులు రెండే: ట్యాంకు కోసం హాల్లో రోజంతా ఏసీ వెయ్యడు, చేప చచ్చిందని ఇంట్లో ఏడుపు వినపడకూడదు.

ఆ రెండు షరతులే మొత్తం డిజైనును నడిపించాయి. రీఫ్ ట్యాంకు అనగానే ఎవరైనా ముందు లైటు గురించి, తర్వాత నీళ్లలో మలినాన్ని నురగగా తీసే స్కిమ్మర్ గురించి మాట్లాడతారు. చలి దేశాల్లో అది సరే, అక్కడ హీటర్ కొంటారు. మన దగ్గర ట్యాంకును చంపేది వేడి, దాని వెనకే కరెంటు కోత. అందుకని ఈ పనిలో అయిన ఖర్చులో మూడో వంతుకు పైగా నీళ్లను చల్లబరిచే చిల్లర్, ఫ్యాన్లు, ఇన్వర్టర్, వైరింగ్‌కే పెట్టించాను. ఆ డబ్బు లైటు దగ్గర మిగిలింది. మెత్తటి పగడాలకు ఖరీదైన లైటు అక్కర్లేదు.

సముద్రం పక్కనే ఉందిగా?

మొదటి రోజే ఆయన అడిగాడు: "ఏంది తమ్ముడూ, మైపాడు పట్టుమని పాతిక కిలోమీటర్లు లేదు. బొలెరోలో రెండు సింటెక్సులు వేసుకుని నింపుకొస్తే అయిపోయేదానికి ఉప్పు బస్తాలు కొనాలా?"

నెల్లూరులో ప్రతి ఇంట్లోనూ ఎదురయ్యే ప్రశ్నే ఇది, అడగడంలో తప్పూ లేదు. కానీ మన ఒడ్డున ఉన్నది పగడాలు పెరిగే నీళ్లు కాదు. గోదావరి, కృష్ణ, పెన్న తెచ్చే ఒండ్రూ మంచినీళ్లూ కలిసే తీరం ఇది. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలున్నది మన్నార్ సింధుశాఖ, పాక్ బే, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్‌లలో. ఆంధ్ర తీరంలో లేవు. ఈశాన్య రుతుపవనాల్లో పెన్న పొంగితే ఊటుకూరు, మైపాడు వైపు సెలినిటీ (నీళ్లలో ఉప్పు పాలు) ఎంత పడిపోతుందో రొయ్య పిల్లలు పుట్టించే హేచరీల వాళ్లను అడిగితే చెబుతారు. దానికి తోడు కాలువల గుండా చెరువుల నీళ్లూ సముద్రంలోకే చేరతాయి.

"మరి హేచరీ నీళ్లు తెప్పిద్దాం అన్నా, ట్రీట్ చేసినవే కదా" అని ఆయన తమ్ముడు. హేచరీలో నీళ్లను ఇసుక ఫిల్టర్‌లో వడగట్టి, క్లోరిన్ పట్టించి, థయోసల్ఫేట్‌తో ఆ క్లోరిన్ తీసేసి, లోహాలు పట్టుకోవడానికి ఈడీటీఏ వేస్తారు. రొయ్య పిల్లకు అవి మంచి నీళ్లు. ఏ రోజు ఏది ఎంత మోతాదులో పడిందో నాకు తెలియని నీళ్లతో ఏళ్ల తరబడి ఉండాల్సిన ట్యాంకు నింపను. పైగా రొయ్యల జబ్బులున్న ప్రాంతం నుంచి శుద్ధి చేసిన రొయ్య అంటూ ట్యాంకులోకి దేన్నీ రానివ్వకూడదు, ట్యాంకులోని నీళ్లు చెరువు వైపు అసలే పోకూడదు. అలంకరణ రొయ్యలు కూడా వైట్ స్పాట్ వైరస్ మొయ్యగలవు. ఇంట్లో మార్చిన ఉప్పు నీళ్లు బ్లీచింగ్ కలిపి డ్రైనేజీలో పోస్తారు. చెరువు బకెట్లు, చెక్ ట్రేలు, వలలు ఏవీ హాల్లోకి రావు. ఈ నియమానికి ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వైట్ స్పాట్‌కు చెరువు ఖాళీ చేసుకున్న రైతుకు వివరించాల్సిన పనేముంది?

కాబట్టి ఆర్వో నీళ్లు, కొన్న ఉప్పు. వాళ్ల బోరు నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల కొలత) 1,100. ఇంట్లో తాగే ఆర్వో మిషన్‌లో టీడీఎస్ కంట్రోలర్ కొంత బోరు నీటిని తిరిగి కలుపుతుంది, మినరల్ కార్ట్రిడ్జ్ ఇంకేవో కలుపుతుంది, కాబట్టి అది పనికి రాదు. విడిగా 100 జీపీడీ (రోజుకు 100 గ్యాలన్ల) మెంబ్రేన్ పెట్టి, చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ బిగించాను. మెంబ్రేన్ దాటాక 70, రెసిన్ దాటాక 0. మీటరు 2 చూపించిన రోజే రెసిన్ మార్చాలి. ఆర్వో వేస్టు నీళ్లు మాపుకూ బాత్రూముకూ పైపు వేశాం. ఉప్పు లీటరుకు సుమారు 38 గ్రాములు వేస్తే సెలినిటీ 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) వస్తుంది. మొదటిసారి నింపడానికి 15 కిలోలు పట్టింది.

గాజు, బరువు, రాయి

ట్యాంకు 120 x 60 x 50 సెంటీమీటర్లు, 12 ఎంఎం గాజు, పైన చుట్టూ పట్టీలు. నిండితే 360 లీటర్లు. గాజే దాదాపు 80 కిలోలు. రాళ్లు, స్టాండు కలుపుకుంటే 550 కిలోల పైమాట, అదంతా ముప్పాతిక చదరపు మీటరు మీద. ఇళ్ల శ్లాబుకు డిజైన్‌లో తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. అందుకే పై అంతస్తులో కూతురి గదిలో పెట్టమంటే వద్దన్నాను. కింద హాల్లో, ఎండ తగలని లోపలి గోడకు పెట్టాం. పడమటి గోడకైతే షోకేసులా బాగుండేది, కానీ మధ్యాహ్నం మూడింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. మళ్లీ అడగలేదు.

రాళ్ల విషయంలో కొంచెం ఓపిక పట్టించాను. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్, అంటే జీవులు పట్టి ఉన్న రాయి, మనకొద్దు, చట్టం దృష్ట్యా కూడా వద్దు. తెల్ల సిమెంటు ఒక వంతు, కోళ్ల మేతలో కలిపే గుల్ల రవ్వ నాలుగు వంతులు, నడుమ రాళ్ల ఉప్పు కలిపి అచ్చులు పోశాం. నీళ్లలో నానబెడితే ఉప్పు కరిగిపోయి రంధ్రాలు మిగులుతాయి, బ్యాక్టీరియా కాపురం వాటిలోనే. కొత్త సిమెంటు నీళ్ల పీహెచ్ 11 దాటిస్తుంది. డ్రమ్ముల్లో నీళ్లు మార్చుకుంటూ అది 8.5 లోపలికి దిగేదాకా ఆగాం. రెండు నెలల పైనే పట్టింది. తొందరున్నవాళ్లు సిరామిక్ రాళ్లు కొనుక్కోవడం మేలు.

ఇసుక బీచ్‌ది వెయ్యలేదు. మన తీరపు ఇసుకలో నల్ల రేణువులుంటాయి, వాటిలో కొన్ని అయస్కాంతానికి పట్టుకుంటాయి. గాజు లోపల నాచు గీకే మ్యాగ్నెట్‌కు అవి అంటుకుంటే గాజు మీద ఇక గీతలే గీతలు. అరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుక రెండు సెంటీమీటర్ల మందాన పరిచాం.

ట్యాంకు కింద స్టాండులో సంప్, అంటే ఇంకో చిన్న తొట్టి. పైనుంచి నీళ్లు అందులోకి దిగి, స్కిమ్మర్‌లో నురగగా మలినం వదిలించుకుని, రిటర్న్ పంపుతో పైకి పోతాయి. పంపు ఆగినప్పుడు పై ట్యాంకులో రెండు సెంటీమీటర్ల నీళ్లు దిగినా 14 లీటర్లు కిందికి వస్తాయి, పైపుల్లో ఉన్నది అదనం. సంప్‌లో 30 లీటర్ల ఖాళీ ఎప్పుడూ ఉంచాలి. నింపిన రోజే మెయిన్ స్విచ్ టప్పున ఆపి చూశాం. నీళ్లు అంచుకు నాలుగు వేళ్ల కింద ఆగాయి. ఈ పరీక్ష చెయ్యని ట్యాంకు మొదటి కరెంటు కోతలో హాలు తడుపుతుంది.

వేడి

వాళ్లు నన్ను అడిగింది 2022 మే నెలలో. నీళ్లు పోసింది మరుసటి జనవరిలో. ఆ మధ్య కాలం వృథా కాలేదు. కనిష్ఠం గరిష్ఠం గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఒకటి ట్యాంకు పెట్టబోయే చోట వేలాడదీసి, మే నెలంతా రాసి ఉంచమన్నాను. సాయంత్రం నాలుగింటికి 36, తెల్లవారుజామున కూడా 31. అంటే నీళ్లు చల్లబడే వేళంటూ రోజులో లేదు. దీనికి పంపులు, లైట్ల వేడి తోడు.

పగడాలకు వేడి ఎందుకంత చేటు అంటే, వాటి ఒంట్లో ఉండి ఆహారం తయారుచేసే సూక్ష్మ శైవలాలు వేడికి బయటికి పోతాయి, పగడం తెల్లబడుతుంది. మన్నార్ సింధుశాఖలో 2010లో, 2016లో జరిగింది అదే. మామూలు వేసవి గరిష్ఠం మీద ఒక్క డిగ్రీ కొన్ని వారాలు నిలిస్తే చాలు.

మొదటి ఆయుధం ఫ్యాన్. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే, కరెంటు లెక్కలో చెప్పాలంటే, దాదాపు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. నీటి పైభాగం మీదుగా వీచేలా 12 వోల్టుల చిన్న ఫ్యాన్లు నాలుగు పెడితే వేసవిలో రోజుకు 6 నుంచి 8 లీటర్లు ఆవిరవుతాయి. 8 లీటర్ల లెక్కన చూస్తే సగటున 200 వాట్లకు పైగా వేడి బయటికి పోతోంది, ఫ్యాన్లు తాగే కరెంటు మాత్రం నాలుగూ కలిపి 20 వాట్లు. ఇంత చవకైన చల్లదనం ఇంకోటి లేదు. కానీ ఇది గాలిలోని తేమను బట్టి పని చేస్తుంది. నెల్లూరులో మధ్యాహ్నం పడమటి వడగాలి పొడిగా ఉంటుంది, ఫ్యాన్లు బ్రహ్మాండంగా లాగుతాయి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక మనకు హాయి, ట్యాంకుకు కాదు. గాలి తేమతో నిండి ఆవిరి తగ్గిపోతుంది, నీళ్లు 29 దగ్గర మొండికేస్తాయి. అందుకే ఫ్యాన్లతో సరిపెడతామనేవాళ్లకు నేను మేలో ఒక రాత్రి ఎనిమిదింటికి థర్మామీటరు చూడమని చెబుతాను.

రెండోది చిల్లర్, పావు హెచ్‌పీ. దీన్ని హాల్లో పెడితే నీళ్లలోంచి లాగిన వేడినంతా హాల్లోనే వదులుతుంది, అప్పుడు ఏసీ వెయ్యక తప్పదు, ఆయన మొదటి షరతు పోతుంది. గోడకు రంధ్రం వేసి పెరటి వరండాలో నీడన పెట్టాం. పైపులకు ఏసీ వాళ్లు చుట్టే నల్ల ఫోమ్ తొడిగాం. కాయిల్ టైటానియందే ఉండాలి, రాగి కాయిల్ ఉన్న వాటర్ కూలర్ మార్చి వాడితే పగడాలూ రొయ్యలూ పోతాయి. వరండాలో దుమ్ము, ఉప్పు గాలి కలిసి చిల్లర్ వెనక రెక్కల మీద జిగురులా పేరుకుంటాయి. పదిహేను రోజులకోసారి మెత్తటి బ్రష్‌తో దులపాలి. నెల్లాళ్లు వదిలేస్తే అదే చిల్లర్ రెట్టింపు సేపు నడుస్తుంది, బిల్లులో తెలిసిపోతుంది.

కంట్రోలర్‌లో 26.5 దగ్గర ఫ్యాన్లు, 27.5 దగ్గర చిల్లర్ ఆన్ అయ్యేలా పెట్టాను. పుస్తకాల్లో 25 అని ఉంటుంది. మన ఎండల్లో ఆ రెండున్నర డిగ్రీల కోసం చిల్లర్‌ను రాత్రింబవళ్లు తిప్పడం దండగ. మెత్తటి పగడాలు 27 దగ్గర నిలకడగా ఉంటే చాలు. ట్యాంకు వెనకా అడుగునా అంగుళం థర్మకోల్ అంటించాం. మూత గాజుది కాకుండా వల మూత వేశాం, ఆవిరి పోవాలి, చేప దూకకూడదు. మే నెలలో చిల్లర్ రోజుకు 8 నుంచి 10 గంటలు నడిచింది. పంపులు, లైట్లు అన్నీ కలిపి ట్యాంకు మొత్తం రోజుకు 7 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు అదనం, పై స్లాబులోకి పోతారని ముందే చెప్పాను. "చెరువు మీద ఏరియేటర్లకు కట్టేదానిలో ఇదెంత" అన్నాడు ఆయన. అందరు క్లయింట్లూ అలా అనరు.

ఆవిరైన నీళ్ల బదులు ఆర్వో నీళ్లే పొయ్యాలి, ఉప్పు నీళ్లు కాదు. ఎండాకాలం చెరువులో సెలినిటీ 40 దాటడం చూసిన మనిషికి ఇది చెప్పాల్సిన పని లేదు. నీటి మట్టం చూసి తనే పోసే ఆటో టాపప్ పెట్టాం. దానికి వెనక ఉన్న డబ్బా 25 లీటర్లదే. సెన్సార్ మొరాయించి డబ్బా మొత్తం పడినా సెలినిటీ 35 నుంచి 33కి దిగుతుందంతే. నేరుగా ఓవర్‌హెడ్ ట్యాంకుకు కలపమన్నాడు ప్లంబర్. కలిపి ఉంటే ఒక రాత్రిలో అంతా మంచినీళ్లే.

కరెంటు

వైరింగ్ మూడు లైన్లు. మొదటిది సొంత ఇన్వర్టర్ మీద: డీసీ రిటర్న్ పంపు, నీళ్లను కదిలించే వేవ్ మేకర్ ఒకటి, ఫ్యాన్లు, కంట్రోలర్. రెండోది మామూలు కరెంటు మీద: లైట్లు, స్కిమ్మర్, రెండో వేవ్ మేకర్. మూడోది చిల్లర్‌కు విడిగా, స్టెబిలైజర్‌తో. కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ మీద దెబ్బ పడకుండా మూడు నిమిషాలు ఆగి ఆన్ అయ్యే స్టెబిలైజర్ అది. అన్నిటికీ ముందు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్. ఉప్పు నీళ్లలో చెయ్యి పెట్టే ఇంట్లో దీని దగ్గర బేరం ఆడకూడదు. ప్లగ్గుల దగ్గరకు వచ్చే ప్రతి వైరూ ఒకసారి కిందికి వంగి పైకి పోవాలి, వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోనే రాలిపోవాలి.

ఇన్వర్టర్ లెక్క ఇది. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1.8 యూనిట్లు. ఫ్యాన్లతో సహా లోడు 90 వాట్లు, నష్టాలు పోను 13, 14 గంటలు నడుస్తుంది. ఎండాకాలపు కోతలో చిల్లర్ ఉండదు, ఫ్యాన్లు ఉంటాయి. ట్యాంకు, సంప్ కలిపి 400 లీటర్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే అర యూనిట్‌కు కొంచెం తక్కువ వేడి లోపలికి రావాలి. పొడిగాలి వేళ ఫ్యాన్లు లాగేసేది దాదాపు లోపలికొచ్చేదానికి సమానం, కాబట్టి నాలుగైదు గంటల కోతలో కూడా ఒక డిగ్రీ దాటదు. ఇంటి ఇన్వర్టర్‌కు దీన్ని కలపొద్దని గట్టిగా చెప్పాను. కలిపితే టీవీ, హాలు ఫ్యాన్లు బ్యాటరీ లాగేశాక అర్ధరాత్రి పంపు ఆగుతుంది. రాత్రి పూట కరెంటు పోతే చెరువులో డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఏమవుతుందో తెలిసిన ఇల్లు కాబట్టి రెండో బ్యాటరీ ఎందుకని ఎవరూ వాదించలేదు.

ఏవి పెట్టాం, ఏవి పెట్టలేదు

గట్టి పగడాలు, అంటే సున్నపు గూడు కట్టేవన్నీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సముద్ర గుర్రాలు కూడా. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. దొంగచాటుగా అమ్మేవాళ్లు ఫోన్లో ఫొటోలు పంపుతూనే ఉంటారు, నేను కట్టే ట్యాంకుల్లోకి అవి రావు. పగడపు పుట్టగొడుగులు, జోయాంథిడ్లు, లెదర్ కోరల్ లాంటి మెత్తటివి ఆ జాబితాలో లేవు. అవి కూడా ఇంకొకరి ట్యాంకులో పెరిగి, కోసి ఇచ్చిన ముక్కలే తీసుకున్నాం. జోయాంథిడ్లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా వాటిని కొయ్యకూడదు. అవి ఉన్న రాయిని వేడి నీళ్లలో వేసి కడగడం, ఉడికించడం అస్సలు చెయ్యకూడదు, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు.

క్లౌన్ చేపలు హేచరీలో పుట్టినవి. వీటి సంతానోత్పత్తి పద్ధతులను మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ఎప్పుడో సాధించింది, సముద్రంలో పట్టిన చేప కొనాల్సిన అవసరం లేదు. తెచ్చిన చేపలు నేరుగా ట్యాంకులోకి పోలేదు. వెనక గదిలో 60 లీటర్ల డబ్బాలో నెల రోజులు రాగి మందులో ఉన్నాయి. చేపల మీద తెల్ల చుక్కలు తెచ్చే క్రిప్టోకారియాన్ ఒకసారి పగడాల ట్యాంకులోకి దూరితే అక్కడ రాగి వెయ్యలేం, పగడాలూ నత్తలూ చస్తాయి. అప్పుడు చేపలన్నీ తీసేసి రెండున్నర నెలలు ట్యాంకు ఖాళీగా ఉంచాల్సిందే. చెరువులో నాచుకు కాపర్ సల్ఫేట్ కొట్టిన చేతులతో ట్యాంకులో చెయ్యి పెట్టొద్దని పనివాళ్లకు కూడా చెప్పించాం.

పాప ఎనిమొనీ (క్లౌన్ చేపలు దూరి ఉండే మెత్తటి సముద్ర జీవి) కూడా అడిగింది. కొత్త ట్యాంకులో అది ఉన్నచోట ఉండదు, తిరుగుతూ పోయి వేవ్ మేకర్‌లో పడితే తురుము అయిపోతుంది, నీళ్లన్నీ పాడవుతాయి. వద్దన్నాను. క్లౌన్లు వాటంతట అవే లెదర్ కోరల్‌ను పట్టాయి. గొడుగులాంటి దాని తల మీద వేళ్లు విచ్చుకున్నప్పుడు ఆడ చేప పక్కకు వాలి, రెక్కలతో వాటిని రుద్దుతూ పడుకుంటుంది. మొదట్లో ఆ రుద్దుడికి పగడం వారం రోజులు ముడుచుకుపోయి ఉండేది, తర్వాత అలవాటు పడింది.

గోధుమ రంగు జిగురు

సైకిలింగ్, అంటే చేపల కంటే ముందు అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియాను పెంచడం, మామూలుగానే సాగింది. అమ్మోనియం క్లోరైడ్‌తో 2 పీపీఎమ్ (లీటరుకు 2 మిల్లీగ్రాముల) అమ్మోనియా పెట్టి, అది నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారేదాకా ల్యాబులో చూస్తూ పోయాను. మార్చిలో నత్తలు, చేపలు దిగాయి. అసలు తలనొప్పి ఏప్రిల్‌లో మొదలైంది. ఇసుక మీదా రాళ్ల మీదా గోధుమ రంగు జిగురు, చీమిడిలా తీగలు సాగుతూ, తీగల చివర గాలి బుడగలు. పొద్దున లైటు వెయ్యకముందు చూస్తే దాదాపు ఏమీ ఉండదు, మధ్యాహ్నానికి దుప్పటి కప్పినట్టే. నత్తలు బోర్లా పడి చస్తున్నాయి.

రైతుకు ఇది చెరువులో నాచు ఒక్కసారిగా పెరిగే బ్లూమ్‌లా కనిపించింది. మేత ఎక్కువైంది, నీళ్లు మార్చి ప్రోబయోటిక్ కొడదాం అన్నాడు. చెరువులో అయితే నేనూ అదే అంటాను. ఇక్కడ టెస్టులు చూస్తే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. స్కిమ్మర్ పెద్దది, చేపలు రెండే, పాప మేత వేసేది చిటికెడు, వారం వారం నీళ్లు మారుస్తున్నారు. ట్యాంకు మరీ శుభ్రంగా ఉంది. పోటీ పడే మంచి నాచుకూ బ్యాక్టీరియాకూ తిండి లేక ఖాళీ అయిన చోటును డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ సూక్ష్మజీవులు ఆక్రమించుకున్నాయి.

జిగురును సిరంజితో పీల్చి ల్యాబుకు తీసుకెళ్లి, రోజూ చెరువు ప్లాంక్టన్ చూసే మైక్రోస్కోపు కిందే పెట్టాం. ఆయన్ని కూడా కళ్లు పెట్టి చూడమన్నాను. నీటి చుక్క ఆకారపు కణాలు, మొనను ఒకచోట తాడుకు కట్టేసినట్టు దాని చుట్టూ గిరగిరా తిరుగుతున్నాయి. అది ఆస్ట్రియోప్సిస్. పేరు తేలడం ముఖ్యం, ఎందుకంటే ఈ జాతి రాత్రి వేళ ఇసుక వదిలి నీళ్లలోకి లేస్తుంది, కాబట్టి యూవీ (అతినీలలోహిత) లైటు దెబ్బకు దొరుకుతుంది. ఇసుకలోనే ఉండిపోయే ఇంకో జాతైతే యూవీకి పెట్టిన డబ్బు దండగ.

నీళ్లు మార్చడం ఆపేశాం. హేచరీ వాళ్లు వాడే రకం యూవీ లైటు ఒకటి తెచ్చి, సంప్ నుంచి కాకుండా నేరుగా పై ట్యాంకు నీళ్లే దాని గుండా నెమ్మదిగా పోయేలా తగిలించాం. మేత మూడు పూటలు చేశాం. ల్యాబు గ్రేడు సోడియం నైట్రేట్ 2.7 గ్రాములు వేస్తే 400 లీటర్లలో నైట్రేట్ 5 పీపీఎమ్ పెరుగుతుంది, అది రెండు మూడు రోజులకోసారి చూసి వేస్తూ వచ్చాం. మూడు రోజులు లైట్లు పూర్తిగా ఆపి, ట్యాంకుకు దుప్పటి కప్పాం. "మురికి చేస్తే బాగుపడే ట్యాంకు ఇదే చూడ్డం" అని ఆయన నవ్వాడు. రాళ్ల మీద మొదట పచ్చటి నాచు పొర వచ్చింది, నాకు సంతోషం, ఇంట్లోవాళ్లకు దిగులు. ఆ పచ్చదనం నిలిచాకే గోధుమ జిగురు వెనక్కి తగ్గింది. మే చివరికి పోయింది. యూవీ అలాగే ఉంచేశాం.

అప్పటి నుంచి నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 చుట్టుపక్కల ఉండాలి, సున్నా కనిపిస్తే మేత పెంచాలి అని స్టాండు లోపల కాగితం అంటించాం.

సున్నం గురించి

ఏసీ వేసే పూట హాలు తలుపులన్నీ మూసేస్తారు, నలుగురు మనుషుల ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి పొద్దున్నే పీహెచ్ 7.8 చూపిస్తుంది. చెరువు రైతు చెయ్యి వెంటనే సున్నం వైపు పోతుంది. అందులో నిజం లేకపోలేదు. పగడాల వాళ్లు కూడా సున్నపు తేట పోస్తారు, దాంతో కాల్షియం, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నీళ్లు తట్టుకునే శక్తి) రెండూ అందుతాయి. కానీ విదేశీ లెక్కలో లీటరుకు ఒకటిన్నర గ్రాము కలిపిన తేటను ఆవిరైన నీళ్ల బదులు పొయ్యమంటారు. వాళ్లకు రోజుకు ఒకటి రెండు లీటర్లు ఆవిరవుతుంది. మనకు 6 లీటర్లు. ఆ తేటే 6 లీటర్లు పోస్తే 400 లీటర్లలో ఆల్కలినిటీ రోజుకు 30 పీపీఎమ్ పెరుగుతుంది, వారంలో ట్యాంకు సున్నపు పొడి అవుతుంది. ఈ ట్యాంకు ఖర్చు పెట్టేది రోజుకు 5 పీపీఎమ్. లీటరుకు పావు గ్రాము చాలని లెక్క తేలింది, అదీ పరీక్షకు వాడే శుద్ధమైన సున్నం, బస్తా సున్నం కాదు.

మా ల్యాబు రిపోర్టులో ఆల్కలినిటీ పీపీఎమ్‌లోనే ఉంటుంది కాబట్టి ఆయనకు అర్థం చేసుకోవడం సులువైంది. ట్యాంకుల వాళ్లు చెప్పే 8 డీకేహెచ్ అంటే 143 పీపీఎమ్. కాల్షియం 420, మెగ్నీషియం 1,280 దగ్గర, అదే ఒకటికి మూడు నిష్పత్తి, వనామీ చెరువులో మినరల్స్ వేసేటప్పుడు చూసేదే. చెరువుకు వేసే మెగ్నీషియం క్లోరైడ్ బస్తా మాత్రం ఇక్కడికి రాదు, దాని మలినాలు చెరువుకు లెక్కలోకి రావు, 400 లీటర్లకు వస్తాయి. పీహెచ్‌కు అసలు మందు ఇంకా చవక: స్కిమ్మర్ గాలి పీల్చే గొట్టాన్ని కిటికీ బయటికి తీశాం. పొద్దుటి పీహెచ్ 8కి చేరింది.

తుపాను

2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ దానికి ముందే నెల్లూరు నీళ్లలో మునిగింది. వాళ్ల వీధిలో కరెంటు పోయి ఒకటిన్నర రోజు రాలేదు. చల్లటి వాతావరణం కాబట్టి చిల్లర్ గోల లేదు, ఫ్యాన్లు ఆపించాను. రిటర్న్ పంపు కనిష్ఠానికి తగ్గించి, వేవ్ మేకర్ గంటలో పావు వంతే నడిపితే లోడు 30 వాట్లకు వచ్చింది. మేత బంద్. రెండో రోజు బ్యాటరీ సన్నగిల్లుతుంటే బొలెరో ఇంజను నడిపి, చిన్న ఇన్వర్టర్ తగిలించి ఛార్జింగ్ పెట్టారు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి అదనంగా వేశారు. ఒక్క ప్రాణీ పోలేదు. అదే రోజుల్లో చెరువుల మీద జనరేటరు డీజిలు కోసం ఆయన పడ్డ పాట్లు వేరే కథ.

ఇప్పుడు ట్యాంకు నిలకడగా ఉంది. పది రోజులకోసారి 40 లీటర్లు మారుస్తారు, వారానికోసారి శాంపిలు చెరువు సీసాలతో పాటే ల్యాబుకు వస్తుంది, లేబుల్ మీద "హాలు" అని రాసి. ఎడమ మూల రాయి మీద ఐప్టేసియా అనే కలుపు ఎనిమొనీలు రెండు మొలిచాయి, చిక్కటి సున్నం ముద్దను ఇన్సులిన్ సిరంజితో వాటి నోట్లో ఎక్కించి చంపుతున్నాం, చుట్టుపక్కల ఇంకో నాలుగు వస్తే మళ్లీ. చిల్లర్ పైపుల ఫోమ్ ఎండకు పొరలు లేచింది, ఈసారి రోహిణి కార్తెకు ముందే మార్చాలి.